ఆపగలిగే పనులే నావి

ప్రొద్దుటూరులో మాది పాత మిద్దె. గోడలకు సున్నం, కింద నాపబండలు, వంటింట్లో అరలు కూడా నాపబండలే. నాకు రుమటాయిడ్ కీళ్లవాతం అని తేలినప్పటినుంచి "అన్నీ వేరేవాళ్లకు అప్పజెప్పి కూర్చో" అనని చుట్టం లేదు. నేను కూర్చోలేదు. ఈ చలికాలం గోడలకు సున్నం నేనే కొట్టుకున్నాను.

పక్కింటి పెద్దమ్మ చూసి, "యాలమ్మా నీకీ తిప్పలు? ఉన్న వేళ్లు కూడా అరిగిపోతాయి" అని బాధపడింది. మా వైపు కీళ్లనొప్పి అంటే అరుగుదలే అనుకుంటారు. నాది అది కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది, పొర వాస్తుంది, నొప్పి పుడుతుంది. పని చేసినందుకు వచ్చిన జబ్బు కాదు పెద్దమ్మా, వాపు తగ్గినప్పుడు ఆడిస్తేనే వేళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి అని చెప్పాను.

మా ఊళ్లో పనంటే తెల్లవారుజామునే. ఎండ ముదిరేలోపు సగం అయిపోవాలి. నా వేళ్లకు ఆ వేళ కుదరదు. పొద్దున లేస్తే పిడికిలి మూసుకోదు, టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతాను. బిగువు సడలేసరికి పది కావస్తుంది. మార్చి దాటితే ఆ వేళకే మిద్దె కాలిపోతుంటుంది. అందుకే సంక్రాంతికి ముందే మొదలుపెట్టి, పది నుంచి భోజనం వేళ దాకా చేసుకున్నాను. ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునే మందు, నేను ఆదివారం రాత్రి వేసుకుంటాను. సోమవారం కడుపులో తిప్పుతుంది కాబట్టి ఆ రోజు కుంచె ముట్టను.

ఏ పని నాది, ఏది కూలికిచ్చేది అని తేల్చుకోవడానికి ఒకటే చూస్తాను: మధ్యలో వదిలేస్తే చెడిపోతుందా? కలిపిన సిమెంటు మన కోసం ఆగదు. అందుకే పగిలిన గట్టు బండ మార్చే పని మేస్త్రీ అన్నకు ఇచ్చేశాను. ఇనుప గేటుకు ఎనామిల్ రంగు కూడా అంతే, ఆపిన చోట అతుకు కనిపిస్తుంది. సున్నం మాత్రం ఆగుతుంది.

సున్నపు రాళ్లు తెచ్చి పెరట్లో పాత డ్రమ్ములో నానబెట్టించాను. నీళ్లలో రాళ్లు వేయాలి, రాళ్ల మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి పైకి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. పెద్దోడు కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు వేసుకుని వేశాడు. రాత్రంతా నానాక వడగట్టాలి. గుడ్డ పిండడం నా మణికట్టు వల్ల కాదు. బకెట్ మూతికి పాత ధోవతి గుడ్డ కట్టి, చెంబుతో కొంచెం కొంచెం పోసి వదిలేస్తే అదే కారుతుంది. తర్వాత జిగురు, చిటికెడు నీలిమందు.

మొదటి పూత వేసిన వెంటనే గోడ చూస్తే ఏమీ వేయనట్టే ఉంటుంది. తడి ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని సున్నం మళ్లీ సున్నపురాయిగా మారుతుంది; నా కాళ్ల కింది నాపబండ కూడా సున్నపురాయే. పూత పలచగా ఉండాలి, ఒకటి ఆరాకే రెండోది వేయాలి. అంటే సున్నమే నన్ను ఆగమంటుంది. మధ్యలో ఒక వారం వేళ్లు బాగా వాచాయి. డ్రమ్ములో సున్నం మునిగేలా నీళ్లు పోసి మూత పెట్టి వదిలేశాను. తిరిగి తీసినప్పుడు ముద్ద వెన్నలా ఉంది. పైన నీళ్లు నిలిచి ఉన్నంతకాలం అది పాడవదు.

కుంచె పిడి సన్నగా ఉంటే వేళ్లు బిగించి పట్టాలి, అదే నొప్పికి మూలం. సైకిల్ ట్యూబు ముక్క కోసి పిడికి లావుగా చుట్టాను. అరచెయ్యి తెరిచి పట్టుకున్నా జారదు, ఊపు భుజం నుంచి వస్తుంది. బకెట్ మోయను, చిన్న డబ్బాలో సగమే పోసుకుని ఎత్తుపీట మీద పెట్టుకుంటాను. నొప్పి మొదలయ్యాక ఆపితే ఆలస్యమైనట్టే, మర్నాడంతా పడుకోవాల్సి వస్తుంది. బాగానే ఉంది, ఇంకాస్త చేయగలను అనిపించినప్పుడే కుంచె నీళ్లలో వేస్తాను. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే.

ఇంక దేవుడి గది మిగిలింది. ఉగాదిలోపు అవుతుంది. భుజం ఎత్తు దాకా నేను కొడతాను, పైభాగం పెద్దోడు కొడతాడు. చెయ్యి తలపైకి ఎత్తి ఉంచే పని మాత్రం నేను పెట్టుకోను.