దొంగలారా, కళ్ళు తెరవండి: పాత యాప్‌ని మళ్ళీ రాసిన నా అనుభవం

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి చుట్టాలు రాని నెలంటూ ఉండదు. తెల్లారి అలిపిరి మెట్లెక్కాలంటే ముందురోజు సాయంత్రమే దిగుతారు. బైరాగిపట్టెడలోని మా హాల్లో చాపలు పరుచుకుని పదిమంది పడుకున్న రాత్రులు ఎన్నో. 3,550 మెట్లు ఎక్కాలి, త్వరగా పడుకోండని పెద్దవాళ్ళు చెప్తూనే ఉంటారు. ఎవరికీ నిద్ర పట్టదు. అప్పుడు మొదలవుతుంది మాఫియా ఆట.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో ఇద్దరు రహస్యంగా దొంగలు, ఒకరు డాక్టరు, ఒకరు పోలీసు, మిగతా అందరూ ఊరివాళ్ళు. రాత్రి అందరూ కళ్ళు మూసుకున్నాక దొంగలు ఒకరిని చంపుతారు. డాక్టరు, పోలీసు కూడా తమ వంతు పిలిచినప్పుడే కళ్ళు తెరుస్తారు. పగలు ఊరంతా వాదులాడుకుని, అనుమానం ఉన్నవాళ్ళని ఓటేసి బయటికి పంపుతుంది. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రీ డేవిడాఫ్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. అంతా తెలిసిన కొద్దిమందికీ, ఏమీ తెలియని ఎక్కువమందికీ మధ్య పోరు ఇది. రాజా రాణి దొంగ పోలీస్ చీటీలు ఆడి పెరిగినవాళ్ళం కాబట్టి మా ఇంట్లో ఎవరికీ పెద్దగా నేర్పాల్సిన పని పడలేదు.

ఇబ్బందల్లా ఒకటే. ఆటను నడిపించే మనిషి ఆడటానికి లేదు. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ పెద్దమ్మదే. "ఊరంతా నిద్రపోతాండాది..." అని ఆమె గొంతు తగ్గించి మొదలుపెడితే చిన్నపిల్లలు నిజంగానే భయపడి ఒకరికొకరు దగ్గరగా జరిగేవాళ్ళు. ఆమెకి మాత్రం ఒక్కసారైనా దొంగగా ఆడాలని ఉండేది. ఆమె కోసమే 2015లో, బీటెక్ చదివే రోజుల్లో, జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక యాప్ రాశాను. ఫోన్ మధ్యలో పెడితే అదే ఆటను నడిపిస్తుంది. గొంతు మాత్రం యంత్రానిది, పొడిపొడిగా ఉండేది.

పోయిన వేసవిలో పిన్ని కొడుకు కొత్త ఫోన్‌లో అది ఎక్కనే లేదు. ఆండ్రాయిడ్ 6 రాకముందు పాత పద్ధతిలో చేసిన యాప్‌లని ఆండ్రాయిడ్ 14 నుంచి భద్రత కోసం ఇన్‌స్టాల్ చేయనివ్వరు. మనదేమో ఆండ్రాయిడ్ 5.1 నాటిది. పాత పెన్‌డ్రైవ్‌లో కోడ్ దొరికింది కానీ బిల్డ్ కాలేదు, అంటే దాన్నుంచి యాప్ తయారవలేదు. అప్పట్లో వాడిన లైబ్రరీలు, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్ ముక్కలు, తెచ్చుకునే చోటు మూతపడి ఏళ్ళయింది. సంతకపు ఫైలు, అంటే యాప్ నాదేనని రుజువు చేసే కీ, పాడైపోయిన ల్యాప్‌టాప్‌తోనే పోయింది. అది లేకుండా పాత యాప్‌కి అప్‌డేట్ ఇవ్వడం కుదరదు. అందుకే కొత్త పేరుతో, ఫ్లట్టర్ అనే యాప్‌లు తయారుచేసే సాధనంలో, మొదటి నుంచీ రాద్దామనుకున్నాను.

రాయడానికి కూర్చున్నాక పాత కోడ్‌లో ఒక తప్పు దొరికింది. ప్రతిసారీ తనకే దొంగ చీటీ వస్తోందని మా బావ ఏళ్ళ తరబడి గొడవపడేవాడు. మేం కొట్టిపారేసేవాళ్ళం. చీటీలు కలపడానికి నేను రాసింది ఇదీ: ప్రతి చీటీనీ మొత్తం చీటీల్లోంచి ఏదో ఒకదానితో మార్చడం. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ మూడు చీటీలతో లెక్కేస్తే ఇలా మార్చే దారులు 27, వచ్చే వరుసలు 6. 27ని 6 సమానంగా భాగించదు. కొన్ని వరుసలు నాలుగుసార్లు వస్తే కొన్ని ఐదుసార్లు వస్తాయి. మేం ఎప్పుడూ పేర్లు ఒకే వరుసలో ఎక్కించేవాళ్ళం, కాబట్టి మొగ్గు కూడా ఎప్పుడూ ఒకేవైపు. రొనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ 1938లోనే సరైన పద్ధతి చెప్పారు: ప్రతిసారీ ఇంకా స్థానం ఖాయం కాని చీటీల్లోంచి మాత్రమే ఒకటి ఎంచుకోవాలి. కోడ్‌లో మారింది ఒక్క వాక్యం. బావకి ఫోన్ చేసి, నువ్వు చెప్పింది నిజమే, తప్పు నాదే అని చెప్పాను.

ఎక్కువ రోజులు పట్టింది మాత్రం మౌనం దగ్గర. డాక్టరు చనిపోయాక యాప్ ఆయన వంతు వదిలేస్తే, పోయింది డాక్టరేనని అందరికీ తెలిసిపోతుంది. వంతు పిలిచి వెంటనే ముందుకి పోయినా తెలిసిపోతుంది. అందుకని చనిపోయినవాళ్ళని కూడా పిలవాలి, బతికున్నవాళ్ళు తీసుకునేంత సమయం ఆగాలి, ఆ సమయం ప్రతి రాత్రీ కొద్దిగా మారాలి. తెర మీద వేలు పెడితే వచ్చే టిక్కు శబ్దం, వైబ్రేషన్ తీసేశాను. తెర వెలుతురు ముఖాల మీద పడకుండా నలుపు మీద మసక అక్షరాలు పెట్టాను. చీర చప్పుడు, గాజుల చప్పుడు కూడా గుట్టు బయటపెడతాయి. అవి వినపడకుండా తలకోనలో రికార్డు చేసుకొచ్చిన కీచురాళ్ళ శబ్దం వెనకాల నడుస్తుంది.

భాష విషయంలో మన తెలుగే సాయపడింది. "చనిపోయాడు" అన్నా "చనిపోయింది" అన్నా మనిషి ఎవరో సగం చెప్పేసినట్టే. "ఒకరు చనిపోయారు" అంటే ఆ చిక్కు లేదు. దొంగల్లో ఒక్కరే మిగిలినప్పుడు "తెరువు" అంటే లెక్క బయటపడుతుంది. "తెరవండి" అంటే ఒక్కరికైనా మర్యాదే, ఇద్దరికైనా సరిపోతుంది. పాత యాప్‌లో ఈ ఆలోచనే లేదు.

ఈసారి గొంతు పెద్దమ్మదే కావాలని పట్టుబట్టాను. పగలు రోడ్డు మీద ఆటోలు, కుక్కర్ విజిల్స్, గోవింద నామాలు. రాత్రి రెండింటికి చిన్న గదిలో గోడలకి బొంతలు వేలాడదీసి రికార్డు చేశాం. ఆమె కాగితం పట్టుకుని చదివితే న్యూస్ చదివినట్టుంది. కాగితం తీసేసి, మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టాను. అప్పుడు వచ్చింది అసలు గొంతు.

కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా కాబట్టి ప్లే స్టోర్‌లో అందరికీ పెట్టేముందు 12 మంది 14 రోజులు ఆగకుండా టెస్టింగ్‌లో ఉండాలి. చిత్తూరు, మదనపల్లె, పుత్తూరు చుట్టాలందరినీ చేర్చాను. మధ్యలో ఎవరైనా తీసేస్తారేమోనని రోజూ టెన్షనే. ముందుజాగ్రత్తగా 16 మందిని పెట్టుకోవడం మంచిదైంది.

అందరూ వాడుకునేలా వచ్చాక మొదటి ఆట మా హాల్లోనే. ముందు రెండు ఆటల్లోనూ పెద్దమ్మకి ఊరివాళ్ళ చీటీయే వచ్చింది. మూడో ఆటలో నాకు దొంగ చీటీ. లైటు తీసేశారు. కీచురాళ్ళు మొదలయ్యాయి. "దొంగలారా, కళ్ళు తెరవండి" అంది ఫోన్‌లోంచి పెద్దమ్మ గొంతు. తెరిచాను. ఎదురుగా పెద్దమ్మ కళ్ళు తెరిచి నా వైపే చూస్తోంది. పెదాల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో నిదానంగా బావని చూపించింది.