రెండు థౌ సందు

ఈసారి సెలవుకొచ్చేటప్పుడు పెట్టెలో ఖర్జూరాలతో పాటు చిన్న పచ్చ కాగితపు పొట్లం ఒకటి తెచ్చాను. పేరు ప్లాస్టిగేజ్. చూడ్డానికి మైనం దారంలా ఉంటుంది, ఇంజన్ బేరింగుల్లో సందు కొలవడానికి వాడతారు. తెచ్చింది మావయ్య అంబాసిడర్ కోసం.

1489 సీసీ పెట్రోల్ బండి. సింహాచలం కొండకీ అరకు ఘాట్‌కీ ఏళ్ళ తరబడి జనాన్ని మోసింది. గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రి గారి షెడ్‌లో ఇంజన్ దింపారు. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. బోరింగ్ అయింది, పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, గ్రైండింగ్ చేయించి దానికి తగ్గ పది థౌ అండర్‌సైజ్ బేరింగ్ షెల్స్ తెచ్చారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. రింగులు, వాల్వుల్ని తెరిచే క్యామ్, టాపెట్లు అన్నీ కొత్తవే. ఇక మిగిలింది ఆయిల్ మాట.

"20-50 పోసీ. ఈ ఎండలకి అంతకన్నా పల్చటిదేటి పోస్తావ్?" అన్నారు మేస్త్రి గారు.

కువైట్ వెళ్ళిన కొత్తలో నేనూ అచ్చంగా అదే నమ్మాను. షువైఖ్‌లో గ్యారేజీ. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. 50 డిగ్రీల ఎండ కళ్ళారా చూసినవాణ్ణి, రెండో ఏడు డిసెంబరులో ఒక అమెరికన్ వీ8 ఇంజన్ కట్టి అందులో 20డబ్ల్యూ-50 పోశాను. క్రాంక్‌కీ షెల్స్‌కీ మధ్య సందులు బిగువుగా ఉన్న ఇంజన్ అది. జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ వణికించే చలి. స్టార్ట్ చేయగానే టాపెట్ల చప్పుడు. వారం తిరక్కుండా బండి వెనక్కి వచ్చింది.

ఫోర్‌మన్ ఫిల్టర్‌ని కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూపించాడు. మెరిసే రజను. చల్లగా ఉన్నప్పుడు మరీ చిక్కటి ఆయిల్ ఫిల్టర్‌లోంచి దూరలేదు, అప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. కొత్త ఇంజన్‌లో మిగిలిన లోహపు రజను వడపోత లేకుండా నేరుగా బేరింగులకి పోతుంది. షెల్స్ గీతలు పడ్డాయి. వాటి ఖరీదు నా జీతంలో పట్టుకున్నారు. ఆ నెల ఇంటికి డబ్బు తక్కువ పంపాను. ఎందుకని అమ్మ అడిగితే చెప్పలేకపోయాను.

ఆ ఫోర్‌మన్ నేర్పిన లెక్కే ఇవాళ్టికీ నాకు తిండి పెడుతోంది. థర్మోస్టాట్, రేడియేటర్ సరిగ్గా ఉంటే బయట 35 ఉన్నా 45 ఉన్నా ఇంజన్ నీళ్ళు 90 దగ్గరే నిలుస్తాయి. అందుకని ముందు బేరింగ్ సందు కొలవాలి, తర్వాతే ఆకాశం వంక చూడాలి. బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగాన్ని జర్నల్ అంటారు, దాని మందం అంగుళానికి ఒక థౌ సందు ఉండాలని పాత లెక్క. రెండంగుళాల జర్నల్‌కి రెండు థౌ. సందు పెరిగేకొద్దీ చిక్కటి ఆయిల్ కావాలి, బిగువుగా ఉంటే పల్చటిది.

"నలభై ఏళ్ళుగా 20-50 పోస్తన్నాం. ఏ బండి ఆగిపోనాది?" అన్నారు మేస్త్రి గారు.

"అరిగిన ఇంజన్‌కి మీ మాటే సరి, గురువుగారూ. ఇది ఇప్పుడు అరిగింది కాదు కదా."

మాట్లాడకుండా బేరింగ్ క్యాప్ విప్పి ఇచ్చారు. జర్నల్ పొడిగా తుడిచి దారం ముక్క పెట్టి, క్యాప్ టార్క్ ప్రకారం బిగించి, క్రాంక్ కదలకుండా చూసి మళ్ళీ విప్పాం. నలిగి వెడల్పయిన ఆ పచ్చ గీతని స్కేలుతో పోల్చాం. క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగులు మూడూ 2 థౌ. పిస్టన్ రాడ్ల కింది బేరింగులు, అంటే బిగ్ ఎండ్‌లు, మూడు 2, ఒకటి 1.5. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చూశారు.

ముందు అంకె చలి సంగతి: 20డబ్ల్యూ అంటే స్టార్టింగ్‌లో ఆయిల్ చిక్కదనాన్ని మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. విశాఖ మాట అటుంచి, లంబసింగిలో కూడా అంత చలి లేదు. కాబట్టి ఇక్కడ ముందు అంకెతో పేచీ లేదు. తేల్చుకోవాల్సింది వేడెక్కాక చిక్కదనం చెప్పే వెనక అంకె. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడ్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు, 50 గ్రేడ్ అయితే 16.3 నుంచి 21.9 లోపు. రెండు థౌకి 40 చాలు. చివరికి 15డబ్ల్యూ-40 మినరల్, డీజిల్ బండ్ల రకం తీసుకున్నాం. ఈ ఇంజన్‌లో టాపెట్లు క్యామ్ మీద రాసుకుంటూ తిరుగుతాయి, వాటికి జింక్ కలిసిన ఆయిల్ కావాలి. ఇప్పటి పెట్రోల్ కార్ల పల్చటి ఆయిళ్ళలో అది తగ్గించేశారు. సింథటిక్ ఇప్పుడే వద్దన్నాను. కొత్త రింగులు సిలిండర్ గోడలకి అరిగి కూర్చోవాలి. 2014లో ఉత్తరపారలో ఈ బండి తయారీ ఆగిపోయింది. ఇంకో క్రాంక్ వెతుక్కునే పని మావయ్యకి పెట్టదలుచుకోలేదు.

స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఉంచాం. వేడెక్కాక అక్కడ ఆయిల్ ప్రెషర్ 45 పీఎస్ఐ, ఐడిల్‌లో 20. వెయ్యి ఆర్‌పీఎంకి పదైనా ఉండాలంటారు, దానికి ఢోకా లేదు. మావయ్యేమో గేజ్ చూడలేదు, చప్పుడే విన్నాడు. 500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చమని చెప్పి, మిగిలిన పొట్లం మేస్త్రి గారి బల్ల సొరుగులో పెట్టి ఫ్లైట్ ఎక్కాను.

నిన్న కువైట్‌లో తెల్లారి 5.30కి, అంటే విశాఖలో 8కి, ఫోన్ మోగింది. మేస్త్రి గారు ఫొటో పంపారు. ఎవరిదో జీపు క్రాంక్, దాని మీద నలిగిన పచ్చ గీత. "ఇది ఒకటిన్నరా, రెండా? ఏటి పొయ్యమంటావు?"

గదిలో మిగతా ఐదుగురూ నిద్రలో ఉన్నారు. దుప్పటి కింద ఫొటో పెద్దది చేసి చూశాను. పక్కన స్కేలు పెట్టి ఇంకోటి తీసి పంపమని రాశాను.