రుషికుల్య ఒడ్డున పీతల కన్నాలు లెక్కెట్టిన కథ

మా చిన్నమావయ్యది బరంపురం. ఇచ్ఛాపురం దాటగానే రైల్లో బోర్డులు ఒడియాలోకి మారిపోతాయి గానీ బరంపురం బజార్లో నడుస్తుంటే తెలుగు చెవిన పడుతూనే ఉంటది, 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా ఉండేది.

2025లో మార్చి మొదటి వారం వెళ్ళాను. వెళ్ళింది తాబేళ్ళ కోసం. ఫిబ్రవరిలో అక్కడి రుషికుల్య నది మొగ దగ్గర ఒడ్డుకి దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చి గుడ్లు పెట్టాయని వార్తలు, వీడియోలు చూసి ఆగలేక టికెట్ తీసుకున్నా. తీరా నేను దిగేసరికి తల్లులన్నీ సముద్రంలోకి వెళ్ళిపోయాయి, పిల్లలు బయటికి రావాలంటే ఇంకో నెల పైనే పడుతుంది. మా బావ ఒకటే నవ్వు, "ముందు ఒక ఫోన్ చేసుంటే చెప్పేవాణ్ణి కదరా" అని.

సరే వచ్చాం కదా అని ఆ సాయంత్రం గోపాల్‌పూర్ వెళ్ళాం, బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు. లైట్‌హౌస్, వేయించిన చేపల బళ్ళు, ఫోటోలు దిగే జనం. జనం లేని వైపుకి పోదామని బావ బైక్‌ని సరాసరి ఇసక మీదికి దింపేశాడు, నేను వెనక కూర్చుని వీడియో తీస్తున్నా, భలే ఉంది అనుకున్నా కూడా. కొంచెం దూరం పోయాక చక్రం దిగబడి ఆగింది. తోద్దామని దిగి ఫోన్ లైటేసి చూస్తే చక్రం జాడలో ఒక ఎర్ర పీత, చితికిపోయి, ఒక డెక్క ఇంకా కదుల్తోంది. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంగ్లీషులో దీన్ని ఘోస్ట్ క్రాబ్ అంటారు, చీకట్లో దెయ్యంలా కనబడి మాయమైపోతుందని. ఈ తీరంలో ఎర్రవి ఉంటాయి, కళ్ళ మీద కొమ్ముల్లాంటివి లేచి ఉండే పాలిపోయిన రంగు జాతి కూడా ఉంది. ఎక్కువగా పగలు ఎండకి కన్నంలో దాక్కుని రాత్రి మేతకి వస్తాయి, అంటే మనం బళ్ళు తోలుకుంటూ షికారుకొచ్చే చీకటి వేళే అవి కూడా బయట ఉంటాయన్నమాట.

పొద్దున్నే పురుణాబంధ వైపు వెళ్ళాం, రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర. గుడ్లున్న మేరంతా ఫారెస్టు వాళ్ళు వల కట్టేశారు, లోపలికి పోనివ్వరు, పోకూడదు కూడా. బయట ఇసక మీద మాత్రం కన్నాలే కన్నాలు. నీళ్ళ దగ్గర వేలు పట్టేంత చిన్నవి, పైకి పోయేకొద్దీ పిడికిలి పట్టేంతవి, పెద్ద పీతలు పొడి ఇసకలో ఉంటాయి కాబట్టి. ఒక్కో కన్నం ముందు తవ్విపోసిన ఇసక విసనకర్రలా పరుచుకుని ఉంది.

ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఈ జాలర్లని ఒడియా వాళ్ళు నోళియా అంటారు గానీ ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. నేను వంగి వంగి కన్నాలు లెక్కెడుతుంటే చూసి, "ఏటి బాబూ, తాబేళ్ళకని వచ్చి పీత కన్నాలు లెక్కెడతన్నావా?" అన్నాడు.

"పీతలు తాబేలు పిల్లల్ని తినేస్తాయంట కదా తాతా?"

"తింటాది. పీత రెండో మూడో అట్టుకుపోతాది. కుక్కైతే గూడంతా తవ్వీసి పోతాది. ఆ కుక్కలకి బీచీలో కూడెట్టి పెంచినోలెవులు మరి?"

నాకు జవాబు రాలేదు. గోపాల్‌పూర్‌లో నేను పడేసిన చేప ముళ్ళ పేపర్ గుర్తొచ్చింది.

ఈ పీతకి మొప్పలుంటాయి గానీ నీళ్ళలో ఎక్కువసేపు ముంచితే చచ్చిపోద్ది, అలాగని మొప్పలు ఎండిపోయినా చచ్చిపోద్ది. అందుకే తడి తగిలేదాకా తవ్వుకుంటూ పోతుంది, కాళ్ళ మొదట్లో ఉండే వెంట్రుకలతో ఇసకలోని చెమ్మని పీల్చుకుంటుంది. గుడ్లు మాత్రం పొట్ట కింద మోసుకెళ్ళి సముద్రంలోనే వదలాలి. అంటే దానికి నీళ్ళూ కావాలి, పొడి ఇసకా కావాలి, ఆ రెండిటి మధ్యలో మనం రాళ్ళ గోడ కట్టామనుకోండి, ఇంక ఎక్కడికి పోతుంది? ఈ జిల్లాలోనే పోడంపేటలో సముద్రం ఇళ్ళనే మింగేసింది కాబట్టి గోడ కట్టొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

ముసలాయన మనవడు అల వెనక్కి పోతుంటే ఇసకలోకి దూరిపోయే బొటనవేలంత పురుగుల్లాంటివి ఏరుతున్నాడు, గాలానికి ఎరంట. అవి కూడా పీత జాతివే, మోల్ క్రాబ్స్ అంటారు. దెయ్యం పీతలకి అవంటే మహా ఇష్టం, వాటితో పాటు చచ్చిన చేప దగ్గర్నుంచి ఏది దొరికినా తింటాయి. ఒకటి చిప్స్ కవర్ ముక్క లాక్కుపోతుంటే కూడా చూశా.

సాయంత్రం మళ్ళీ గోపాల్‌పూర్. ఈసారి పనికట్టుకుని లెక్కపెట్టా, చేపల బళ్ళ ముందు పదడుగుల చదరంలో మూడు కన్నాలు, అందులో ఒకటి ఖాళీలాగే ఉంది. పొద్దున అంతే చోటులో నలభై దాటాక లెక్క తప్పిపోయింది. ఇదేం పెద్ద పరిశోధన కాదులెండి, కానీ వేరే దేశాల్లో సైంటిస్టులు బీచ్ మీద మనుషుల ఒత్తిడి ఎంతుందో చూడ్డానికి ఇలా కన్నాలే లెక్కపెడతారు, పీతని పట్టుకోనక్కర్లేదు, ఖర్చూ లేదు.

బైక్ రోడ్డు మీదే వదిలేసి చీకట్లో సరుగుడు తోట వైపు నడిచాం. టార్చ్ వేస్తే ఒకటి బిక్కచచ్చిపోయి నిలబడిపోయింది, కళ్ళు రెండూ అగ్గిపుల్లల్లా పైకెత్తి. చిన్నప్పుడు ఇలాగే లైటేసి పట్టుకుని కాలికి దారం కట్టి ఆడించేవాణ్ణి. టార్చ్ ఆపేశా. కాసేపటికి కన్నంలోంచి గరగరమని చప్పుడు, పెద్ద డెక్కని దాని మొదలుకేసి రాస్తే వచ్చే చప్పుడది.

బావ చెవి అటు పెట్టి, "బరంపురం అప్పడం నమిలినట్టుందిరా," అన్నాడు.