లౌటోకాలో క్రిస్మస్ లోవో: నలభై మందికి గుంటపొయ్యి వంట

ఫిజీలో క్రిస్మస్ నడి వానాకాలంలో వస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. 2012లో ఇవాన్, 2020లో యాసా, రెండూ డిసెంబరు 17నే ఈ దీవుల మీద పడ్డాయి. అందుకే ఇక్కడ పండగ పని మొదలయ్యేది కట్టెలు తడవకుండా దాచుకోవడంతో.

మేం లేటర్-డే సెయింట్స్ (మార్మన్) క్రైస్తవ సంఘం తరఫున ఫిజీలోని లౌటోకా నగరానికి వచ్చిన సీనియర్ మిషనరీ దంపతులం. పద్దెనిమిది నెలలకి వచ్చినవాళ్లకి ఒక క్రిస్మస్ ఖాయం, ఒక్కోసారి రెండు. ఊరికి దూరంగా పండగ చేసుకునేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే: ఓవెన్‌లో కేకు, కోడి పెట్టి మన పండగని ఇక్కడికి లాక్కురావద్దు, లోవో నేర్చుకోండి. లోవో అంటే రాళ్లు కాల్చి, తిండి పెట్టి, మట్టి కప్పే గుంటపొయ్యి. నలభై మందికి ఒక్క గుంట చాలు.

గుంట మా ఆయన పని. మూడున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, మెరక మీద. చుట్టూ చిన్న కాలువ తీయకపోతే ఒక్క జల్లుకే నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీళ్లు తోడేసినా సరిపోదు; తడిమట్టి రాళ్ల వేడినంతా పీల్చేసుకుంటుంది. ముందురోజు సాయంత్రమే గుంటలో చిన్న మంట వేసి మట్టిని ఆరబెట్టాలి. పైన రేకో టార్పాలినో అడ్డం పెట్టాలి.

రాళ్ల దగ్గర మాత్రం అజాగ్రత్త పనికిరాదు. పిడికిలి నుంచి చిన్న కొబ్బరికాయంత సైజు దాకా ఉన్న నల్లరాళ్లు నలభై, యాభై కావాలి. ఏటిలోంచి అప్పుడే తెచ్చిన రాయిలో నీరుంటుంది. మంటలో ఆవిరై టపాసులా పేలుతుంది, ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. సముద్రపు ఒడ్డున దొరికే పగడపు రాయి కాలితే సున్నమై రాలిపోతుంది. ఇప్పటికే నాలుగైదు లోవోలు చూసిన రాళ్లను పక్కింటివాళ్లని అడిగి తెచ్చుకోవడం మేలు. అవి కూడా వానలో పడి ఉంటే వారం రోజులు నీడన ఆరబెట్టాలి.

మధ్యాహ్నం పన్నెండున్నరకి వడ్డించాలంటే ఏడింటికే మంట అంటించాలి. అడుగున కొబ్బరి పీచు, దాని మీద కట్టెలు, కట్టెల మీద రాళ్లు. రెండు గంటలు గట్టిగా కాలాక రాళ్లకి పట్టిన మసి కూడా కాలిపోయి బూడిదరంగు తేలుతుంది. ఇంకా నల్లగా ఉన్నాయంటే వేడి చాలలేదని లెక్క. అప్పుడు కాలని కట్టెల్ని ఒక్కటి కూడా వదలకుండా లాగేయాలి. మిగిలిన కొరివి మట్టి కింద పొగపెడుతుంది, కూరలన్నీ చేదు వాసన వేస్తాయి.

ఇక నా పని పలుసామి. చేమాకుల్లో చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయ, ఉప్పు పోసి కట్టిన పొట్లం. పొట్లానికి లేత ఆకులు నాలుగైదు, పాలు వంద మిల్లీలీటర్లు. నలభైకి నాలుగు లీటర్లు, అందుకు ముదురు కాయలు కావాలి. నీళ్లు కలపకుండా పిండిన మొదటి పాలే వాడాలి, ఇక్కడివాళ్లు దాన్ని లోలో అంటారు. కాడ తీసేసి, పెద్దాకు అడుగున పెట్టి అరచేతిలో దొన్నెలా పట్టుకుని పోసి, అంచులు దగ్గరికి తీసుకుని, సెగ మీద వాడ్చిన అరటాకులో చుట్టి నారతో కట్టాలి. ఆకు వాడ్చకపోతే మడతలో చిట్లి పాలన్నీ రాళ్లపాలు.

ఉడకని చేమాకు గొంతులో దురద పెడుతుంది, అందులోని ఆక్సలేట్ స్ఫటికాల వల్ల. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వుకుంటాం గాని, ఇక్కడ దురద తినేవాళ్లందరిదీ. మన వంటల్లో చింతపండు విరుగుడు. ఇక్కడ పూర్తిగా ఉడికించడం తప్ప దారి లేదు.

పొట్లంలో డబ్బా కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరేసిన గొడ్డుమాంసం) వేసుకోవడం ఇక్కడి అలవాటు, 340 గ్రాముల డబ్బా నాలుగింటికి వస్తుంది. కానీ లౌటోకా చెరకు ప్రాంతం. పంక్తిలో నాయుడు, రెడ్డి అనే పేర్లవాళ్లూ ఉంటారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి వచ్చిన గిర్మిట్ (ఒప్పందపు) కూలీల మునిమనవలు, ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా ఫిజీ హిందీ. బీఫ్ తినని హిందువుల కోసం సగం పొట్లాలు బీఫ్ లేకుండా కట్టి, వాటికి రెండు ముడులు వేస్తాను. ముస్లింలు వస్తున్నారంటే గుంటలో పోర్క్ పెట్టనే పెట్టం. ఎంత విడిగా చుట్టినా కొవ్వు కారి పక్కవాటిని అంటుతుంది.

గుంట నింపడం పది నిమిషాల్లో అయిపోవాలి. రాళ్లు చదును చేసి, పచ్చి కొబ్బరిమట్టలు అడ్డంగా పరచాలి, తిండి మాడకుండా. చెక్కు తీసిన డాలో, అంటే చేమదుంప, 20 కిలోలు, కర్రపెండలం పది కిలోలు రాళ్లకి దగ్గరగా. ఆపైన కొబ్బరాకు బుట్టల్లో సగానికి కోసిన కోళ్లు పది. అన్నిటికన్నా పైన పలుసామి. అరటాకులు రెండు మూడు పొరలు, తడిపిన గోనెసంచులు, ఆపైన మట్టి. ఎక్కడ ఆవిరి తొంగిచూస్తే అక్కడ ఇంకో పార మట్టి. రెండున్నర గంటలు ఆగాలి. మధ్యలో తీసి చూస్తే వేడి మళ్లీ రాదు. పిల్లలు ‘బూబూ (అమ్మమ్మా), అయిందా?’ అని ఎన్నిసార్లు అడిగినా సరే. తెరిచేటప్పుడు మట్టి తిండిలో రాలకుండా సంచుల్ని అంచుల నుంచి లోపలికి మడుస్తూ తీయాలి.

తుపాను హెచ్చరిక వస్తే గుంట మాట మరిచిపోయి, అదే సరుకుని గ్యాస్ మీద గిన్నెల్లో ఉడికించుకోవాలి. 25, 26 రెండు రోజులూ సెలవే, సిలిండర్ ముందే చూసుకోండి.

ఇంటికి ఫోను సాయంత్రం ఆరింటికి పెట్టుకుంటాం. ఇక్కడి గడియారం మనకన్నా ఆరున్నర గంటలు ముందు. అక్కడ పదకొండున్నర, పిల్లలు చర్చి నుంచి వచ్చేసి ఉంటారు. రాళ్ల జోలికి మాత్రం మర్నాటి దాకా వెళ్లకూడదు. పైన చల్లగానే ఉంటాయి, బూడిదలో అడుగున ఉన్నవి ఇంకా చెయ్యి కాలుస్తాయి. చల్లారాక పగుళ్లు పట్టినవి ఏరేసి, మిగతావి ఎవరి దగ్గర తెచ్చామో వాళ్ల షెడ్డులో పెట్టి రావాలి.