అండ్ పార్టీ

మా నాయన సంవత్సరీకం అయిన వారానికి తిరుపతి ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అమ్మ ఇక నా దగ్గరే, బెంగళూరులో. మంచాలు, గిన్నెలు, దేవుడి పటాలు రెండు రోజుల్లో తేలిపోయాయి. తేలనిది ఒక్కటే. వెనక గదిలో మూడు బీరువాల నిండా ఎండుమొక్కలు.

పాత పేపర్లు కొనే అతను వచ్చి చూశాడు. "అట్టలు మంచివే మేడం, ఆ ఆకులు పీకేసి ఇస్తే కిలో లెక్కన తీసుకుంటా" అన్నాడు. అతన్నేమీ అనలేను. నేను మాత్రం ఎన్నాళ్ల తర్వాత ఆ తలుపు తీశాను గనక? తీయగానే కలరా ఉండల వాసన, దాని వెనకే ఎండుగడ్డి వాసన. అదే మా నాయన చొక్కా వాసన. కాసేపు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

మా వీధిలో ఆయన్ని బయాలజీ సారు అనేవాళ్లు. కాలేజీలో చెప్పింది బోటనీ. ముప్పై రెండేళ్లు చెప్పారు. మెడలో తాడుకు ఒక లెన్సు వేలాడేది, అమ్మ పుస్తెలతాడు లాగా ఎప్పుడూ తీయరు. కొత్త బ్యాచ్ వచ్చిన రోజు బోర్డు మీద ఏమీ రాయరు. జేబులోంచి ఒక కొమ్మ తీసి మొదటి బెంచీకిచ్చి, "మీ అవ్వ దీన్ని ఏమంటాది?" అని అడిగేవారట. లాటిన్ పేరు తర్వాత. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు, ఇంగ్లీషు చూస్తే చెమటలు పట్టే పిల్లలకు, ఆ ఒక్క ప్రశ్నతో ధైర్యం వచ్చేదని వాళ్లే తర్వాత నాతో చెప్పారు. సోమిద చెట్టు కథ ప్రతి బ్యాచ్‌కూ ఉండేది. సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కల్ని వర్ణించిన రాక్స్‌బర్గ్ దొర అక్కడి వాళ్లను అడిగి తెలుగు పేర్లు రాసుకున్నాడని, ఆ సోమిదే చివరికి శాస్త్రంలో 'సోయ్‌మిడా' అనే ప్రజాతి పేరై కూర్చుందని చెప్పి, "చూసినారా, మీ అవ్వ మాట లండన్ దాకా పోయింది" అనేవారు.

మొక్కను తెచ్చి, పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కల ప్రెస్‌లో బిగించి, రోజూ పేపర్లు మారుస్తూ ఎండబెట్టాలి. తర్వాత 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు ఉండే దళసరి షీటు మీద అతికించాలి. కింద కుడి మూలన లేబుల్. మొక్క పేరు, కుటుంబం, ఎక్కడ దొరికింది, తేదీ, నంబరు, కలెక్టర్. ఆ కలెక్టర్ అన్న మాట పట్టుకుని నేను రెండో తరగతిలో మా నాయన కలెక్టరని చెప్పేశాను. టీచర్ నమ్మింది కూడా. ఆ నెల ప్రోగ్రెస్ కార్డు ఇవ్వడానికి నాయన్ని పిలిచి కుర్చీ వేసిందట. ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మకు చెప్పి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

ఇంటర్‌లో నేను ఎంపీసీ తీసుకుంటానన్నప్పుడు ఫారం ఆయనే తెచ్చారు. బైపీసీ అంటానని ఇంట్లో అందరూ అనుకున్నారు, ఆయన తప్ప. "మొక్కలు యాడికీ పోవులే పాపా, నీకు నచ్చింది చదువుకో" అన్నారు. ఈ మాట ఆ మూడు బీరువాల ముందు గుర్తొచ్చింది. మొక్కలు యాడికీ పోలేదు. పురుగు పడుతోంది, అంతే.

ముందు ఆయన పనిచేసిన చోటుకే వెళ్లాను. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, సార్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, చోటు లేదన్నారు. "ఫోటోలు తీసి పెట్టుకోండమ్మా, ఇప్పుడంతా డిజిటలే కదా" అన్నారు ఒకాయన. ఫోటోలోంచి పువ్వు తీసి నానబెట్టి విప్పి చూడలేరని నాకే తెలుసు, బోటనీ చదవని దాన్ని. ఏమీ అనకుండా బయటికొచ్చాను. ఇంకో రెండు చోట్లకు ఈమెయిల్ పెట్టాను. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు మొత్తం ఎన్ని షీట్లు, ఎన్నింటికి లేబుళ్లున్నాయి అని అడిగారు. నేను లెక్కే పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

దారి చూపించింది నాయన పాత విద్యార్థి. ఇప్పుడు ఒక హెర్బేరియం, అంటే ఇలాంటి ఎండుమొక్కల షీట్లు భద్రపరిచే చోటు, చూసుకుంటున్నారు. ఫోన్ చేసి పరిచయం చేసుకోబోతుంటే, "నువ్వు పాపవు కదా! తలకోనలో నిన్ను భుజాన మోసింది నేనేమ్మా" అన్నారు. అప్పటి నుంచీ అన్నా అనే పిలుస్తున్నాను. అన్న మెత్తని మనిషే గానీ ఈ పనిలో కాదు. ఊరు, తేదీ, నంబరు లేని షీటు ఎంత అందంగా ఉన్నా గడ్డితో సమానం అన్నారు. ఫీల్డ్ నోట్‌బుక్కులు కూడా షీట్లతో పాటే రావాలి. సంతకంతో దానపత్రం ఇవ్వాలి. "ఇంకోటి, చేతికి గ్లౌజు లేకుండా ఒక్క షీటు ముట్టుకోవద్దు" అన్నారు.

ఇలాంటి బీరువా ఇంట్లో ఉన్నవాళ్లు ఈ ముక్క మాత్రం గట్టిగా పట్టించుకోండి. ఆ రోజుల్లో పురుగు పట్టకుండా మొక్కల్ని మెర్క్యూరిక్ క్లోరైడ్ కలిపిన స్పిరిట్‌లో ముంచేవాళ్లు. అది పాదరసపు విషం. ఏళ్లు గడిచినా షీటు మీద నుంచి పోదు. గ్లౌజు, మాస్కు, తెరిచిన కిటికీ తప్పనిసరి. చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు. పనికిరానివి కదా అని పెరట్లో వేసి తగలబెడితే ఆ పొగ ఇంకా ప్రమాదం. నేను మొదటి రోజు ఉత్త చేతులతో రెండు కట్టలు విప్పి, అదే చేత్తో మిక్చర్ తిన్నాను. అన్న విని ఫోన్‌లోనే కేకలేశారు.

నాలుగు నెలలు, దొరికిన ప్రతి శని ఆదివారాలు. శుక్రవారం రాత్రి బస్సెక్కడం, ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. ఇంటి ఓనరుకు ఖాళీ ఇంటి బాడుగ కట్టాను. మా ఆయన ఆ లెక్క అడగలేదు, నేను చెప్పలేదు. షీట్లు మొత్తం 1,340. రెండు వందలకు పైగా పొడి అయిపోయాయి. ఆవగింజంత గోధుమరంగు పురుగు, పొగాకునూ మిరపకాయల్నీ తొలిచేదే, సన్నని గుండ్రటి చిల్లులు పెట్టి లోపల దుమ్ము మిగిల్చింది. బాగున్నవి ప్లాస్టిక్ కవర్లలో గాలి చొరకుండా మూసి పెట్టాను. అక్కడికి చేరాక మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులుంచితే గానీ లోపలికి రానివ్వరట. గుడికి ముందు స్నానం లాగా.

లేబుళ్లు కొన్ని చిరిగాయి, కొన్నింట్లో ఊరి పేరు స్పెల్లింగు తప్పు. చక్కగా టైపు చేసి మార్చేద్దామని కూర్చున్నాను. అన్న వద్దన్నారు. పాత లేబుల్ ముట్టుకోకూడదు, తప్పైనా సరే. దిద్దుబాటు ఏదైనా పక్కన ఇంకో చీటీ మీద రాసి తేదీ వేసి అంటించాలి. మా నాయన కూడా అట్లాగే చేశారు. ఒక షీటు మీద మూడు చీటీలున్నాయి, మూడూ ఆయనవే, పదేళ్ల తేడాలో. తాను ముందు అనుకున్నది తప్పని రెండు సార్లు రాసుకున్నారు. ఇంట్లో మాత్రం ఆయన తప్పు ఒప్పుకోగా నేను చూడలేదు, రోడ్డు దారుల విషయంలో అయితే అసలే చూడలేదు.

పేరిత షీటు దగ్గర రెండు వారాలు ఆగిపోయాను. శేషాచలం కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని సైకస్ అది. సైకస్ బెడ్డోమై. కొండ కార్చిచ్చులో మాను నల్లగా మాడినా, మళ్లీ నెత్తిన పచ్చని చిగురు తొడుగుతుంది. ఆకు మూరెడు పైనే, షీటులో పట్టదు, అందుకని మూడు మడతలు వేసి కుట్టి ఉంది. వన్యప్రాణి చట్టంలో 1991లో మార్పు తెచ్చినప్పుడు ప్రత్యేకంగా రక్షణ ఇచ్చిన ఆరు రకాల మొక్కల్లో ఇదొకటి. కాబట్టి అంతకుముందు సేకరించిందేనని కాగితం కావాలన్నారు. నాయన షీటు మీద నంబరుంది, 618. తేదీ దగ్గర ఖాళీ.

618 ఒకటే కాదు. 605 నుంచి 640 దాకా అన్నీ అట్లాగే, అతికించిన వాటికి తేదీ లేదు, కొన్నైతే పాత పేపర్లలోనే ఉండిపోయాయి. పేపరు తేదీ చూస్తే 1986 ఏప్రిల్. అయితే అది పేపరు తేదీ గానీ మొక్క తేదీ కాదు కదా, పాత పేపర్లు నెలల తరబడి దాచేవాళ్లం. ఆ నంబర్ల నోట్‌బుక్కు ఎక్కడా లేదు. బీరువాల పైన, కింద, అటక మీద, నాయన రిటైర్మెంటు ఫైళ్లలో, ఎక్కడా లేదు.

అమ్మను ఫోన్‌లో అడిగాను. "గళ్ల అట్ట పుస్తకమా? అది నా పాల లెక్క పుస్తకం కదే" అంది.

వంటింటి గూట్లో, పాత పంచాంగాల కింద దొరికింది. ముందు వైపు నుంచి నాయన రాత, పెన్సిల్‌తో. 601, బండ పక్కన, పూలు లేత పసుపు. తిరగేసి వెనక నుంచి అమ్మ రాత. పాలు 1, పాలు 1, పాలు 1. మధ్యలో ఎక్కడో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆ పేజీ పైన 640 నంబరు మొక్క, కింద జూన్ చీటీపాట డబ్బు. నాయన రాసిన వాటికి నంబర్లున్నాయి, ఊళ్లున్నాయి, తలకోన, చామల, మామండూరు. తేదీలు మాత్రం వారాల పేర్లతో. శనివారం, ఆదివారం, సోమవారం. ఏ నెల శనివారమో ఆయనకు గుర్తుంటుందనుకున్నారేమో.

అమ్మ ఆ వారం నాతో పాటు వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని పాల లెక్క మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. మే నెలలో ఒకచోట వేలు ఆగింది. 10, 11, 12 తేదీలకు పాలు ½.

"ఇదిగో. మీరిద్దరూ ఊళ్లో లేరు" అంది.

"ఇంకెవరైనా చుట్టాల ఊరికి పోయామేమో?"

"చుట్టాల ఇంటికైతే నేను రానా? అడవికైతేనే నన్ను ఇడిసిపెట్టి పోతారు మీరు."

క్యాలెండర్ చూశాను. 1986 మే 10 శనివారం. ఆ ఏడాది లెక్కలో పాలు వరసగా మూడు రోజులు, అదీ శనివారం మొదలుకొని, తగ్గింది ఇంకెక్కడా లేదు. అన్నకు ఫోన్ చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నేరుగా తేదీ అని రాయొద్దు, పక్కన చీటీ మీద 'ఇంటి పాల లెక్కను బట్టి' అని రాసి అంటించమన్నారు. ఆధారం ఏదైతే అదే రాయాలట. అట్లా మా అమ్మ పాల లెక్క ముప్పై ఆరు షీట్ల మీద చీటీలుగా చేరింది. పేరిత కాగితానికి కూడా అదే సరిపోయింది.

ఆ ప్రయాణం నాకు గుర్తుంది, పదకొండేళ్లు నాకప్పుడు. తలకోనలో తాడులాగా, పాములాగా చెట్ల మీద నుంచి చెట్ల మీదికి పాకిన గిల్లతీగ మీద కూర్చుని ఊగాను. మాకు దారి చూపించిన యానాది తాత ఒక ఆకు నలిపి వాసన చూడమన్నాడు. నాయన ఆయన చెప్పింది రాసుకుంటున్నారు, పెద్దబడిలో పిల్లాడిలాగా. నేను ప్రెస్ మీద ఎక్కి కూర్చునేదాన్ని, మొక్కలు బాగా అణగాలంటే బరువు కావాలని. ఆ పని కోసమే నన్ను తీసుకుపోతున్నానని చెప్పేవారు. నాకు చాలా గొప్పగా ఉండేది. బెల్టులు ఉన్నాయని, బరువు అవసరమే లేదని ఈ నాలుగు నెలల్లో ఆ ప్రెస్ నేనే బిగించినప్పుడు తెలిసింది.

చివరికి 1,094 షీట్లు టెంపోలో వెళ్లాయి. ఫ్రీజర్‌లో వారం. అతుకు ఊడిన వాటికి అక్కడ సెల్లోటేపు, ఫెవికాల్ వాడనివ్వలేదు. లావు కాడల్ని దారంతో కుట్టాలి. అక్కడున్న అమ్మాయి కుట్టబోతుంటే అమ్మ గ్లౌజు తొడుక్కుని సూది తీసుకుంది. పాతవన్నీ తనే కుట్టిందని నాకు అప్పుడే తెలిసింది. సోమిద కాయ, చెక్కలా గట్టిది, ఐదు పలకలుగా పగిలి పువ్వులా ఉంది. దాన్ని పట్టి ఉంచింది నలభై ఏళ్ల నాటి అమ్మ కుట్టు, ముడి కనపడకుండా షీటు వెనక్కి వేసింది. "మీ నాయన ముడి కనపడితే ఒప్పుకునేవోడు కాదు" అంది.

కంప్యూటర్‌లో ఎక్కించే అబ్బాయి ఒక్కో షీటుకు నంబరు ముద్ర వేసి, కలెక్టర్ పేరు కొడుతున్నాడు. నాయన పేరు తర్వాత లేబుల్ మీద 'అండ్ పార్టీ' అని ఉంటుంది. ఆ రోజుల్లో అట్లాగే రాసేవాళ్లు, వెంట వచ్చిన వాళ్లందరికీ కలిపి.

"మేడం, పేర్లు తెలిస్తే విడిగా కొట్టమన్నారు సార్. 605 నుంచి 640 దాకా పార్టీ ఎవరు?" అన్నాడు.

నా పేరు చెప్పాను. స్పెల్లింగ్ అడిగి కొట్టాడు. అమ్మ పక్కనే కూర్చుని తెరకేసి చూస్తోంది.

"అడవికి రాని వాళ్లను రాయరా నాయనా?" అంది.

అబ్బాయి నా వైపు చూశాడు. నేను అన్న గది వైపు చూశాను. లోపల ఫోన్‌లో ఉన్నారు.

"కుట్టినవాళ్లకు వేరే కాలమ్ ఉంది పెద్దమ్మా, పేరు చెప్పండి" అన్నాడు.