ఇంటి నిండా సున్నమే

శుక్రవారం. తెల్లవారుజామున అయిదింటికే మెలకువ వచ్చింది. వంటింటి కొళాయి వారం రోజులుగా టప్ టప్‌మని కారుతోంది. రాత్రి కింద పెట్టిన చెంబు తెల్లారేసరికి నిండి పొర్లుతోంది. మార్చి మొదలైంది. ఇంకో రెండు నెలలు పోతే కడపలో మా వీధి బోర్లలో నీళ్లు సన్నబడతాయి. అప్పుడు ఒక్క బిందె కోసం ఎంత తిప్పలు పడతామో తెలుసు కాబట్టి, ఇప్పుడు చెంబులు చెంబులు మోరీలోకి పోతుంటే కడుపు తరుక్కుపోతోంది.

ప్లంబర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "రేపొస్తా మేడమ్" అన్నాడు. మా ఆయన కువైట్ పోయి నాలుగేళ్లయింది. ఏది చెడిపోయినా ఆయన వచ్చినాక చూద్దాంలే అని పక్కన పెట్టే అలవాటు నాకు మొదటి ఏడాదే పోయింది. అందుకే ఈరోజు కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి, పిల్లోణ్ణి స్కూలుకు పంపించి, స్పానర్ చేతిలోకి తీసుకున్నాను.

ముందు మిద్దె మీద ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ కట్టేశాను. కిందికొచ్చి కొళాయి తెరిచి, పైపులో మిగిలిన నీళ్లు బకెట్లో పట్టుకున్నాను. చిన్న సామాను జారి పోకుండా సింకు రంధ్రంలో గుడ్డ కుక్కాను. అంతా చేసి తిప్పితే కొళాయి తల కదల్లేదు. మర చుట్టూ, మూతి చుట్టూ తెల్లగా గట్టిపడిన పొర. మా ఇంట్లో ఈ పొర లేని చోటు లేదు. నీళ్లు కాచే గిన్నె అడుగున ఉంది, హీటర్ రాడ్ మీద ఉంది, బాత్‌రూమ్ బకెట్ అంచున ఉంది. ఉప్పు పట్టింది అంటుంటాం గానీ అది ఉప్పు కాదు, సున్నపురాయి. వాన నీళ్లు మట్టిలోకి ఇంకేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలుపుకొని కొంచెం పులుపెక్కుతాయి. ఆ నీళ్లు కింద ఉన్న సున్నపురాతిని మెల్లమెల్లగా కరిగించుకుంటాయి. బోరులోంచి పైకొచ్చాక కాగినా, ఆరినా, కరిగిన రాయి మళ్లీ బయటపడి అతుక్కుంటుంది. బెలూం గుహలు అట్లా నీళ్లు తొలిచినవే. 3,229 మీటర్ల పొడవంట. నిరుడు పిల్లోనితో పోయినప్పుడు ఆ గోడల మీద చెయ్యి పెట్టి చూశాను. మా కొళాయిని పట్టేసింది కూడా ఆ జాతి రాయేనని అప్పుడు తట్టలేదు.

రాయిని పులుపు కరిగిస్తుంది. రెండు నిమ్మకాయల రసంలో పాత గుడ్డ తడిపి కొళాయికి చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కట్టి అరగంట వదిలేశాను. విప్పి చూస్తే అంచుల్లో సన్నగా నురగ. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర పొడిపొడిగా రాలింది. ఈసారి స్పానర్ వేస్తే తల కిర్రుమని తిరిగింది. లోపల రబ్బరు వాషర్ మధ్యలో గుంట పడి, ఒక పక్క చీలి ఉంది. కొత్త వాషర్ వేసి, వాషర్ కూర్చునే ఇత్తడి అంచును కూడా శుభ్రంగా తుడిచి బిగించాను. వాషర్ కొత్తదైనా ఆ అంచు మీద చిన్న పలుకు ఉంటే మళ్లీ కారుతుంది. వాల్వ్ తిప్పి వచ్చి అయిదు నిమిషాలు కొళాయి ముందే నిలబడ్డాను. ఒక్క చుక్క రాలేదు. ఎంత సంతోషం వేసిందో రాయడానికి మాటలు చాలవు.

ఒక సంగతి మాత్రం మరిచిపోకుండా రాసుకోవాలి. నిమ్మరసం పిండేటప్పుడు వంటగట్టు మీద పడితే వెంటనే నీళ్లతో తుడవాలి. గట్టు మీది నల్ల కడప బండ కూడా సున్నపురాయే. రెండేళ్ల కింద కోసిన నిమ్మచెక్క దాని మీద రాత్రంతా ఉండిపోయింది. ఆ తెల్ల మచ్చ ఇప్పటికీ పోలేదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ బండల మీద పోసేవాళ్లను చూస్తే చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది.

పదిన్నరకు వెనక వసారాలో ఊడిన బండ పని పట్టుకున్నాను. కాలు పెడితే డబడబమని చప్పుడు, పక్కకు ఊగడం. మొన్న అత్త దాని అంచు తగిలి పడబోయింది. ఆ రోజే బాగుచేసి ఉండాల్సింది. గడ్డపార మొన సందులో పెట్టి మెల్లగా లేపాను. కింద పాత మాలు ఇసకలాగా రాలిపోయింది. చీమలు గూడు కట్టుకున్నాయి. దాన్నంతా చిమ్మి, నేల తడిపి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు జల్లించిన ఇసక కలిపాను. నీళ్లు ఎక్కువ పోయకూడదు. పిడికిట పడితే ముద్ద నిలవాలి. అరగంటలో వాడగలిగినంతే కలపాలి, ఆ తర్వాత అది బిగుసుకోవడం మొదలుపెడుతుంది. అంగుళం మందాన పరిచి, పైన నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు చల్లి, బండను ఒక అంచు నుంచి మెల్లగా దించాను. బరువుకు వేళ్లు నలుగుతాయేమోనని టెన్షన్ పడ్డాను, అందుకే కింద రెండు కర్రముక్కలు పెట్టి ఒకటొకటే లాగేశాను. మేస్త్రీ వదిలిపోయిన రసమట్టం పెట్టి చూసి, గూట్లో ఉన్న కర్రసుత్తితో తడుతూ సరిచేశాను. నీళ్లు మోరీ వైపు జారేట్టు రవ్వంత వాలు ఉంచాను.

అత్త గడప మీద కూర్చుని చూస్తూనే ఉంది. జమ్మలమడుగు పక్క పల్లెలో వాళ్లది చవుడు మట్టి పరిచిన మిద్దె. వానలకు ముందు ప్రతి ఏడూ గంపలకొద్దీ చవుడు మోసి మిద్దె మీద పరిచేదంట. "మా కాలంలో మేస్త్రీని ఎవరు పిలిచినారమ్మా, మిద్దె కారితే నేనే ఎక్కినా. చవుడు పోసి, తడిపి, తొక్కినా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఉన్న గర్వం నాకు చాలా నచ్చింది. ఇంకా చాలా చెప్పింది. చవుడు ఏ గుట్ట కాడ తవ్వేవాళ్లు, గవాక్షి (వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత) చుట్టూ వాన నీళ్లు దిగకుండా ఎట్లా గట్టు కట్టేవాళ్లు, అన్నీ. నేను సందులకు సిమెంటు పూస్తూ విన్నాను. ఇవన్నీ రాసుకోవాలి, ఆమె తర్వాత మా ఇంట్లో చెప్పేవాళ్లు లేరు.

మధ్యాహ్నం వై.వి. స్ట్రీట్‌కు పోయి టెఫ్లాన్ టేపు, రెండు వాషర్లు, సున్నం పూసే కుంచె తెచ్చుకున్నాను. వచ్చేటప్పుడు ఎరువుల అంగట్లో అన్నభేది, అంటే ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్, కొన్నాను. అది మల్లెచెట్టుకు.

మల్లె సంగతి రెండు నెలలుగా మనసులో ఉంది. కొత్త చిగుళ్లు పసుపుపచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. పేడ వేశాను, నీళ్లు పెంచాను, లాభం లేకపోయింది. తీరా చూస్తే అది ఉన్నది ప్రహరీ మూల. ఇల్లు కట్టినప్పటి సున్నం పెళ్లలు, సిమెంటు గడ్డలు అక్కడే పారబోశారు. మట్టిలో సున్నం ఎక్కువైతే ఇనుము ఉన్నా వేరుకు అందదు. ముదురాకు బాగుండి, లేతాకు ఈనెలు తప్ప పాలిపోతే అది ఎక్కువగా ఇనుము లోపమే. లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది కలిపి, అరచెక్క నిమ్మరసం పిండి, ఎండ తగ్గాక ఆకుల మీద కొట్టాను. పది రోజులకు మళ్లీ కొట్టాలి. బండల మీద పడితే తుప్పు మరక పడుతుంది కాబట్టి కింద గోనెసంచి పరిచాను. చెట్టు మొదట్లో ఉన్న పెళ్లలు చేతికి దొరికినన్ని ఏరేసి, చెనిక్కాయ పొట్టు మందంగా పరిచాను. మొగ్గలు ఈ నెలలోనే రావాలి. ఏటా మొదటి మూర అత్త జడకే పెడతాను.

సాయంత్రం అయిదున్నరకు మిద్దె ఎక్కాను. సున్నం నిన్న రాత్రే పాత ఇనుప తొట్టిలో నానేశాను. ప్లాస్టిక్ బకెట్లో వేస్తే ఆ వేడికి మెత్తబడుతుంది. తొట్టిలో ముందు నీళ్లు పోసి, గడ్డలు కొన్ని కొన్నిగా వేయాలి. కుతకుతా ఉడుకుతుంది, ఆవిరి లేస్తుంది. పిల్లోణ్ణి కిందికి పంపేసి, కళ్లద్దాలు పెట్టుకుని, చేతులకు కొబ్బరినూనె రాసుకుని చేశాను. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈరోజు ఆ ముద్దను గుడ్డలో వడగట్టి, పట్టు కోసం కొంచెం ఫెవికాల్ కలిపాను. మిద్దె ఊడ్చి, నీళ్లు చల్లి, తడి ఆరకముందే కుంచెతో పూసుకుంటూ పోయాను. పూసేటప్పుడు నీళ్లలాగా పలచగా కనిపిస్తుంది, ఏమీ పట్టలేదనిపిస్తుంది. ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. సున్నపురాయిని కాలిస్తే ఈ సున్నం, ఇది గాలి తగిలి ఆరుతూ మళ్లీ రాయే అవుతుంది. మే నెల ఎండను ఈ తెలుపు కొంతైనా వెనక్కి కొట్టాలి. పడకగదిలో అత్త రాత్రిళ్లు నిద్రపట్టక చీరకొంగుతో విసురుకోవడం నేను మళ్లీ చూడదలుచుకోలేదు.

తొమ్మిదిన్నరకు ఆయన వీడియో కాల్ చేసినారు. అక్కడ ఏడు, సెలవు రోజు. మిద్దె చూపిద్దామని పైకి తీసుకుపోయాను, చీకట్లో ఫోన్‌లో ఏమీ కనపడలేదు. వంటింట్లోకి వచ్చి కొళాయి చూపించాను. "ఎవరు చేసినారు?" అన్నారు. "నేనే" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బండ చూపించమన్నారు, మల్లె చూపించమన్నారు, నా చేతులు చూపించమన్నారు.

వేళ్ల సందుల్లో సున్నం మంట ఇంకా ఉంది, నూనె మళ్లీ రాసుకున్నాను. వసారా సందుల మీద తడి గోనె కప్పాను, రేపంతా ఆరనివ్వకూడదు. తొట్టిలో రెండో పూతకు సరిపడా సున్నం ఉంది, మూత పెట్టాను. రేపు సాయంత్రం పిల్లోడు కూడా కుంచె పడతానంటున్నాడు. వానికి సరిపోయే కళ్లద్దాలు పొద్దున్నే వెతకాలి.