మిక్స్‌డ్ మీడియా చిత్రాన్ని ప్రదర్శనకు ఎక్కించడం: నా అనుభవం

మేము పదిమందిమీ కలిసి చేసిన మిక్స్‌డ్ మీడియా చిత్రం, అంటే రంగులతో పాటు కాగితం, గుడ్డ వంటివి అతికించి చేసిన చిత్రం, నిన్ననే ప్రదర్శనశాల గోడకెక్కింది. నాలుగు రోజులు ఆగితే మర్యాద అడ్డొస్తుంది కాబట్టి, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నా దారి నీటిరంగులతో మొదలైంది. వాడిన గుడ్డకు వేసిన మాసిక చెప్పే సంగతిని కుంచె చెప్పలేదని తోచిన తరువాత కాగితం, దారం, గుడ్డ ఒక్కొక్కటిగా నా పలకల మీదికి వచ్చి చేరాయి. ఇరుగుపొరుగు వారికి నేర్పడం మొదలుపెట్టాక, వాళ్ళు తెచ్చిన పాత ఉత్తరాలు, కవర్లు, బొత్తాలు, నోటుపుస్తకాల పేజీలతో ఉమ్మడిగా ఒక పెద్ద చిత్రం చేయాలని అందరమూ అనుకున్నాము. వారిలో ఒక పెద్దావిడ, చనిపోయిన భర్త చొక్కా జేబును కత్తిరించి తెచ్చి, దాని మీది సిరా మరక కనిపించేలా అతికించాలని ఒకే ఒక్క షరతు పెట్టారు.

తయారీలో చిక్కులేమీ రాలేదు. బరువుకు కాన్వాసు సాగుతుందని చెక్క పలక తీసుకుని, దానికి జెస్సో (రంగు, జిగురు పట్టేందుకు ముందుగా వేసే తెల్లటి పూత) పూశాము. వార్తాపత్రిక కాగితంలో మిగిలే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల అది త్వరగా పసుపెక్కుతుంది కనుక దాన్ని వాడలేదు. అసలు ఉత్తరాలను వాళ్ళ దగ్గరే ఉంచి, నకళ్ళను ఆమ్లరహిత కాగితం మీద లేజర్ ప్రింటర్‌తో తీయించాము. ఇంక్‌జెట్ అక్షరాలు చాలావరకు తడి జిగురు తగలగానే అలికిపోతాయి. నూనెరంగు మీద ఆక్రిలిక్ (నీటితో పలచన చేసే రంగు) పూయకూడదన్న నియమాన్ని నేను ఎవరికీ సడలించను. ఆరిన ఆక్రిలిక్ మీద నూనెరంగు నిలుస్తుంది, తలకిందులు చేస్తే పొర పట్టు తప్పి ఊడుతుంది.

అసలు కష్టం ప్రదర్శనకు దరఖాస్తు ఇచ్చే బల్ల దగ్గర ఎదురైంది. ఆ కాగితంలో చిత్రలేఖనం, శిల్పం, ముద్రణ, ఛాయాచిత్రం, హస్తకళ అని గళ్ళున్నాయి గాని, మాకు సరిపోయేది ఒక్కటీ లేదు. అక్కడి గుమాస్తా నన్ను అడగకుండానే హస్తకళ గడిలో గీత పెట్టాడు. హస్తకళ తక్కువదని నేను అనను. కానీ ఆ విభాగాన్ని మెట్ల కింద సర్దుతారని అక్కడున్న వారందరికీ తెలుసు. ఆ పైన ఎంపిక సంఘంలోని ఒక పెద్దమనిషి వచ్చి, ఆ చొక్కా జేబు అంచును గోటితో గీకి చూసి, నాతో వచ్చిన వారందరి ముందే, “అతికించడం కూడా కళేనా అమ్మా?” అని నవ్వారు.

నేను ఊరుకోలేదు. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన నూనెగుడ్డను (ఆయిల్‌క్లాత్) కాన్వాసుకు అతికించి చుట్టూ తాడు కట్టాడనీ, అదే ఏడాది అతని తోటి చిత్రకారుడు బ్రాక్ చెక్క గీతల గోడకాగితాన్ని బొమ్మలోకి తెచ్చాడనీ, జర్మన్ కళాకారుడు ష్విట్టర్స్ ట్రాము టిక్కెట్లతో చిత్రాలు కట్టాడనీ, 1955లో అమెరికన్ కళాకారుడు రౌషెన్‌బర్గ్ దుప్పటినీ దిండునూ గోడకెక్కించి రంగు పోశాడనీ అక్కడికక్కడే ఏకరువు పెట్టాను. (ఆ బల్ల దగ్గర ఈ పేర్లూ సంవత్సరాలూ నోటికి చెప్పగలవారు మరొకరు లేరని గర్వంగానే చెప్పుకుంటాను.) అంతా విని ఆయన, “వాళ్ళు పేరున్నవాళ్ళమ్మా” అన్నారు.

పేరు దగ్గరే రెండో పేచీ వచ్చింది. కళాకారుని పేరుకు ఒకే వరుస ఉంది. నా పేరు రాసి, మిగిలిన వారిని సహాయకులుగా చూపమన్నారు. ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, “మీ పేరే రాయండమ్మా, మాకేమీ ఫరవాలేదు” అన్నప్పుడు, గోటి గీత కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ సిగ్గేసింది. ఎవరు తెచ్చిన జేబును అతికించామో వారే తమ పేరు వదులుకోవలసిన పరిస్థితిని ఒక కాగితం తెచ్చిపెట్టింది.

నియమావళి అచ్చుప్రతిని అడిగి తీసుకుని, పక్క బల్ల మీద కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చదివాను. కళాకారుడు ఒక్కడే ఉండాలని అందులో ఎక్కడా లేదు. ఆ ఇబ్బంది అచ్చులో చోటు చాలకపోవడం వల్ల వచ్చిందే. “పేర్లు జతచేసిన పత్రంలో” అని వరుసలో రాసి, అందరి పేర్లూ అక్షరక్రమంలో రాసిన కాగితాన్ని కుట్టాను. హస్తకళ గీతను కొట్టేసి, పక్కన “మిశ్రమ మాధ్యమం” అని రాసి సంతకం పెట్టాను. ఆ పెద్దమనిషి భోజనానికి వెళ్ళిన వేళ, సంఘంలోని మరొకామె నియమం చదివి, మారుమాట లేకుండా తీసుకున్నారు.

చిత్రం పక్కన అతికించిన పట్టీలో పేర్లన్నీ వచ్చాయి, అక్షరాలు చిన్నవైనా. ఉమ్మడి పనితో వెళ్ళేవారు గుమాస్తా మాట నమ్మకుండా నియమావళిని స్వయంగా చదువుకోండి. అతుకులన్నిటినీ దగ్గర నుంచి ఫొటో తీసి ఉంచుకోండి. పేర్ల పత్రం రెండు ప్రతులు చేయించి, ఒకదాని మీద అందినట్లు ముద్ర వేయించుకోండి. నేనిచ్చిన ప్రతి ఆ కార్యాలయంలో మర్నాటికే కనిపించకుండా పోయింది, ముద్ర ఉన్న రెండోదాన్ని చూసే పట్టీ అచ్చువేశారు.